గోడ దాటిన కొమ్మ

లేపాక్షికి దగ్గరలోని ఒక పల్లెలో మా పెద్ద మామూ ఇల్లు ఉంది. ఇంటి వెనుక పెరట్లో ఒక మామిడి చెట్టు. బంగినపల్లి అంటు. హిందూపురం చింతపండు మండీలో చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, ఇక చాలనుకుని ఇంటిపట్టున కూర్చున్న ఏడు ఆయన దాన్ని నాటారు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. ఇప్పుడు డెబ్బై నాలుగు. చెట్టు ఏపుగా పెరిగింది. దాని కొమ్మల్లో అన్నిటికన్నా పెద్దది గోడ దాటి పక్కింటి రేకుల కప్పు మీదికి వెళ్ళింది.

మొన్నటి ఎండాకాలం ఆ కొమ్మ మీదనే రెండిళ్ళ మధ్య మాట పెరిగింది. రాత్రిపూట కాయలు దబదబ రేకుల మీద పడుతున్నాయి, నిద్ర ఉండడం లేదని వాళ్ళు. ఆ కొమ్మకు కాసిన కాయలన్నీ వాళ్ళ పిల్లలే రాళ్ళు విసిరి రాల్చుకుంటున్నారని మా మామీ. “గుంత తవ్వింది మేము, నీళ్ళు మోసింది మేము. తినేదీ వాళ్ళే, అరిచేదీ వాళ్ళే!” అని ఆమె గోడ ఇవతల నుంచి గట్టిగానే అన్నారు. గోడ అవతలికి వినబడింది.

నేను వెళ్ళిన రోజు మగ్రిబ్ నమాజు తరువాత మామూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న వేశారు.

“బేటా, చెట్టు నాటితే దాని పండు పిట్ట తిన్నా, దొంగ ఎత్తుకుపోయినా నాటినవానికి సదఖా కింద లెక్క అని మౌల్వీ సాబ్ జుమాలో చెప్పినారు. నేను ఇచ్చింది కాదు కదా, వాళ్ళు తీసుకున్నది. పైగా మనసులో తిట్టుకుంటా ఉన్నాను. ఇయ్యాలని అనుకోని దానికి నాకు పుణ్యం ఎట్ల వస్తుంది?”

ప్రియ పాఠకులారా! ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. పెరట్లో ఒక జామ చెట్టో, సపోటా చెట్టో ఉన్న ప్రతి ఇంటివారికీ ఇది వర్తిస్తుంది.

మౌల్వీ గారు చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి ఉమ్మె ముబష్షిర్ (రజి) అనే అన్సారీ మహిళ ఖర్జూర తోటలోకి వెళ్ళారు. ఈ చెట్లు నాటింది ఎవరని వాకబు చేశారు. ఒక విశ్వాసి ఏదైనా మొక్క నాటితే, పైరు వేస్తే, దానిలోంచి మనిషి గానీ పశువు గానీ మరే ప్రాణి గానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని అప్పుడు తెలిపారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో దొంగిలించబడినది కూడా సదఖాయే అన్న మాట స్పష్టంగా ఉంది. ఇదే భావం హజ్రత్ అనస్ (రజి) ద్వారా బుఖారీలోనూ వచ్చింది.

అయితే కర్మలన్నీ సంకల్పాల మీద ఆధారపడి ఉంటాయన్న హదీసు ఏ ఇంట్లో తెలియదు? సహీహ్ బుఖారీ గ్రంథం ఆరంభమయ్యేదే దానితో. నియ్యత్ లేని నమాజు నమాజు కాదు, నియ్యత్ లేని ఉపవాసం వట్టి ఆకలి. మరి నియ్యత్ లేని దానం దానం ఎలా అయింది? దొంగ చేతికి చిక్కిన పండు విషయంలో మామూ నియ్యత్ ఏమిటి? అడిగితే ఆయనే ఒప్పుకున్నారు, చేతికి దొరికితే చెవి మెలిపెట్టాలన్నదే ఆయన నియ్యత్!

నాకు తోచిన సమాధానం ఇది. దీన్ని ధార్మిక పండితులు నాకంటే చక్కగా వివరించగలరు. సంకల్పాన్ని పండు దగ్గర వెతికితే దొరకదు, గుంత దగ్గర వెతకాలి.

మా ప్రాంతంలో మామిడి నాటడం అంటే ఏమిటో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ ఒకప్పటి అనంతపురం జిల్లావే. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది గానీ ఆకాశం మారలేదు. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదైనా సక్రమంగా రాదు. మిగతా నెలలకన్నా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువగా కురుస్తుంది. నేల ఎర్రది, పలుచన. రెండడుగులు తవ్వితే గరుసు, ఆ కింద బండ. లేపాక్షిలోని రాతి నందిని చూసినవారికి ఇక్కడి భూమి కడుపులో ఏముందో వేరే చెప్పనక్కరలేదు.

అలాంటి నేలలో మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున మామూ గుంత తీశారు. రెండు రోజులు గడ్డపారతో తవ్వి, మూడో రోజు కూలి మనిషిని పెట్టుకున్నారు. ఎండాకాలంలోనే తీసి, గుంతను ఎండకు వదిలేశారు. తొలకరి పడ్డాక పైమన్ను, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపి, అంటు కట్టిన చోటు నేలకు అర అడుగు పైన ఉండేటట్లు నాటారు. ఆ అతుకు మట్టిలో కూరుకుపోతే అంటు చెడుతుంది. అతుకు కింది నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అది నాటుమామిడి చిగురు. చూసి మురిసిపోయి వదిలేస్తే, బంగినపల్లిని మింగి అదే చెట్టవుతుంది. (పిల్లల పెంపకం గురించి మామూ ఈ ఉపమానం చెప్పని రోజు లేదు.)

తొలి మూడు వేసవులు అసలు పరీక్ష. మొక్క పక్కన ఒక మట్టికుండ పాతారు. కుండ అడుగున సన్న రంధ్రం, అందులో గుడ్డ వత్తి. కుండ నింపితే నీరు బొట్టు బొట్టుగా వేరుకు దిగుతుంది. పాదు మీద వేరుశనగ పొట్టు మందంగా పరిచారు, తేమ ఆరిపోకుండా. మా వైపు ఆ పొట్టుకు కరువు లేదు. మూడో ఏడు పూత వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడితే మామూ ఒక్కరే నిలబడి పూత మొత్తం తుంచేశారు. లేత మొక్క కాయ మోస్తే ఎదుగుదల కుంటుపడుతుందని. మామీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అయిదో ఏటగానీ ఇంట్లో పండు కోయలేదు. పైగా బంగినపల్లి ఏటా ఒకే తీరుగా కాయదు. ఒక ఏడు విరగకాసి, మరో ఏడు మొహం చాటేస్తుంది. అయినా మామూ దాన్నే ఎంచుకున్నారు. బనగానపల్లె నవాబుల ఊరి పండు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా అని ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటారు. నాటిన రోజున మాత్రం ఆయనకు కావలసింది తీపి ఒక్కటే.

అరవై రెండేళ్ళ మనిషి ఇంత శ్రమ దేనికి పడ్డారు? తాను తినడానికే అయితే మండీ పక్కనే పండ్ల బజారు ఉంది. చెట్టంటూ పెరిగాక పిట్టలు రాకుండా ఉంటాయా? ఉడుత కొరకకుండా ఉంటుందా? వీధి పిల్లలు కన్ను వేయకుండా ఉంటారా? ఇవేవీ తెలియనివాడు ఎవడూ మామిడి నాటడు. ఇది తిజోరీలో పెట్టి తాళం వేసుకునే సొత్తు కాదు. ఆరుబయట, అందరి కళ్ళ ముందు, ఆకాశం కింద నిలబడే సొత్తు. దాన్ని నాటడమంటేనే కొంత నాది కాకుండా పోతుందని ముందే ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలే నియ్యత్. గుంత తవ్వినప్పుడు చేసిన ఆ సంకల్పం పన్నెండేళ్ళ తరువాత కూడా పని చేస్తూనే ఉంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉపవాసి క్షణక్షణం నియ్యత్ చెప్పుకోడు కదా, సహరీ వేళ చేసుకున్నదే మగ్రిబ్ దాకా నడుస్తుంది.

దైవప్రవక్త (స) సహచరులలో హజ్రత్ అబూ దర్దా (రజి) డమాస్కస్‌లో మొక్క నాటుతుండగా దారిన పోయే వ్యక్తి ఒకడు చూసి, మీరు ప్రవక్త సహచరులై ఉండి ఈ పని చేస్తారా అని విస్తుపోయాడు. తొందరపడి మాట్లాడవద్దని వారించి, ఆయన ఇదే హదీసు వినిపించారు. ముస్నద్ అహ్మద్‌లో ఈ సంఘటన ఉంది. ఖియామత్ ఘడియ వచ్చేసినా మీ చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటండని దైవప్రవక్త (స) ఉపదేశించిన హదీసు కూడా అందులోనే ఉంది. ఆ మొక్కకు పూత లేదు, కాయ లేదు, తినేవాడు లేడు. మిగిలింది నాటిన చెయ్యి ఒక్కటే. అయినా నాటమన్నారు.

ఇదంతా చెబితే మామూ ముఖం కాస్త తేటపడింది. “అయితే ఆ పిల్లోళ్ళు తిన్నది నా ఖాతాలోనే అంటావు?” అన్నారు. మీ ఖాతాలో చేరినంత మాత్రాన రాళ్ళు విసిరినవాని ఖాతా కొట్టివేయబడదు, దొంగతనం దొంగతనమే, అది వేరే పుట అన్నాను. దానితో పాటు ఇంకొకటి కూడా చెప్పవలసి వచ్చింది, అది చెప్పడమే కష్టమైంది. దానం చేసి దెప్పిపొడవడం, మనసు గాయపరచడం ఆ దానాన్నే వ్యర్థం చేస్తాయని ఖుర్ఆన్ (2:264) హెచ్చరిస్తోంది. అల్లాహ్ అడగకుండానే రాసిపెట్టిన పుణ్యాన్ని గోడ మీదుగా విసిరిన ఒక్క మాటతో పోగొట్టుకునే ప్రమాదం ఉంది. తలుపు చాటున నిలబడి వింటున్న మామీ ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది.

పిల్లల సంగతికి వస్తే, మనకు ఎంతో ముచ్చటైన హదీసు ఒకటి ఉంది. హజ్రత్ రాఫె బిన్ అమ్ర్ (రజి) చిన్నతనంలో అన్సారుల ఖర్జూర చెట్లకు రాళ్ళు విసిరేవారు. ఆయన్ను పట్టుకుని దైవప్రవక్త (స) ముందు నిలబెట్టారు. ఆయన (స) గద్దించలేదు. ముందు, ఎందుకు విసురుతున్నావని అడిగారు. తినడానికని అబ్బాయి చెప్పాడు. రాళ్ళు విసరవద్దు, కింద రాలినవి తిను అని చెప్పి, తల నిమిరి, ఈ బిడ్డ కడుపు నింపమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉందిది. చెట్టు యజమానుల హక్కూ నిలిచింది, పిల్లవాని ఆకలీ తీరింది. మనలో ఎంతమందిమి ఎందుకని అడుగుతాం? ముందు చెప్పు తీస్తాం.

నేను ఇక్కడితో ముగించి వచ్చేసి ఉంటే మామూ సంతోషంగానే ఉండేవారు. మరునాడు అస్ర్ తరువాత, పిల్లల గురించి పెద్దలతో నిదానంగా మాట్లాడుదామని ఇద్దరం పక్కింటికి వెళ్ళాం. వాళ్ళది చేనేత కుటుంబం. పన్నెండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నా, రేకులు దించిన ఆ వసారాలోకి మామూ అడుగుపెట్టడం అదే మొదటిసారి అట. లోపల మగ్గం ఉంది. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర. దాని పైన, రేకులకు దిగువన, నాలుగు మూలలా తాళ్ళతో కట్టిన ప్లాస్టిక్ పట్ట.

“పట్ట ఏంటికి కట్టినావు?” అని మామూ అడిగారు.

“రేకు పగిలింది లే అన్నా, పోయిన వానాకాలం” అన్నాడాయన. ఎలా పగిలిందో ఆయన చెప్పలేదు. తల ఎత్తి చూస్తే చెప్పనక్కరలేదు. ఎండిన రెమ్మ ఒకటి ఇంకా ఆ పగులులోనే ఇరుక్కుని ఉంది. గాలివానకు కొమ్మ విరిగిపడి సిమెంటు రేకు పగిలింది. పడుగు మీద నీళ్ళు కారి ఒక చీర పాడయింది. ఆ సంగతి కూడా ఆయన భార్య చెబితేనే తెలిసింది. ఆయన మాత్రం ఇన్నాళ్ళూ నిద్ర చెడుతోందని మాత్రమే అన్నాడు. చీర మాట ఎత్తితే డబ్బు అడిగినట్లుంటుందని ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మామూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇషా తరువాత ఆయనే మొదలుపెట్టారు. “నేను కొమ్మను ఆయన ఇంటిమీదికి పొమ్మన్లేదు కదా బేటా. నా నియ్యత్‌లో అది లేదు కదా.”

మొదటి ప్రశ్న తిరగబడి వచ్చింది. నా ఎరుకలో లేకుండా పిట్ట తిన్న పండు నా పుణ్యమైనప్పుడు, నా ఎరుకలో లేకుండా నా చెట్టు పగలగొట్టిన రేకు ఎవరి ఖాతాలోకి పోవాలి? లాభం వచ్చినప్పుడు చెట్టు నాది, నష్టం వచ్చినప్పుడు గాలివానది అనవచ్చా? ఈ రెండో సగాన్ని మనం ఉపన్యాసాల్లో సాధారణంగా వినం. చెట్లు నాటడం పుణ్యమని చెప్పి దిగిపోతారు వక్తలు.

అబూ దావూద్‌లో హజ్రత్ సముర బిన్ జుందుబ్ (రజి) గురించిన ఉల్లేఖనం ఒకటి ఉంది. ఒక అన్సారీ తోటలో ఆయనకు ఖర్జూర చెట్టు ఉండేది. దాని కోసం ఆయన వచ్చిపోతుంటే అక్కడ కాపురముంటున్న ఆ ఇంటివారికి ఇబ్బందయ్యేది. అమ్మమంటే ఒప్పుకోలేదు, మరోచోటికి మార్చుకోమంటే ఒప్పుకోలేదు. ఫిర్యాదు దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది. ఆయన (స) కూడా అమ్మమన్నారు, మార్చుకోమన్నారు, పరలోక పుణ్యం ఆశ చూపి దానంగా ఇచ్చేయమన్నారు. దేనికీ అంగీకరించకపోయేసరికి, నీవు హాని కలిగించేవాడివని ఆయనతో అని, వెళ్ళి ఆ చెట్టును పెకలించమని అన్సారీకి చెప్పారు. పండ్ల చెట్టు! నాటడం సదఖా అని చెప్పిన నోటితోనే. ఆ చెట్టు మీద సముర (రజి) హక్కును ఎవరూ కాదనలేదు. పొరుగువాని ప్రశాంతత దగ్గర ఆ హక్కు ఆగిపోయింది.

ఫుఖహాలు కూడా ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా రూపొందించిన మజల్లా అనే న్యాయస్మృతిలో సరిగ్గా మన మామూ చెట్టు లాంటి చెట్టు గురించే ఒక నిబంధన ఉంది. ఒకరి చెట్టు కొమ్మలు పొరుగువాని ఇంటిమీదికి పోతే, వాటిని వెనక్కి కట్టించమని గానీ కొట్టించమని గానీ కోరే హక్కు పొరుగువానికి ఉంది. అయితే నీడ పడి నా మొక్కలు ఎదగడం లేదన్న కారణం చూపి మాత్రం చెట్టును కొట్టించలేడు. ఎంత సూక్ష్మంగా ఆలోచించారో చూడండి. కొమ్మకు ఒక తీర్పు, నీడకు మరో తీర్పు.

మామూ తప్పు ఎక్కడుందో కూడా ఆ రాత్రే తేలింది. గోడకు ఎనిమిది అడుగుల దూరంలోనే ఆయన గుంత తీశారు. తోటల్లో బంగినపల్లి చెట్టుకూ చెట్టుకూ నడుమ 10 మీటర్లు, అంటే ముప్ఫై మూడు అడుగులు వదులుతారు. ఆ చెట్టు ఎంత విస్తరిస్తుందో అందులోనే తెలుస్తుంది. పెరడు చిన్నదైతే మల్లిక, ఆమ్రపాలి లాంటి కురచ రకం పెట్టుకోవాలి, లేదా ఏటా కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి అదుపులో ఉంచాలి. ఆయన రెండూ చేయలేదు. సంకల్పం మంచిదే, కొలత మంచిది కాదు. పుణ్యం ఏ రోజు మొదలైందో పొరుగువాని నష్టం కూడా ఆ రోజే, ఆ గుంతలోనే మొదలైంది.

కొమ్మ ఒక్కటే గోడ దాటుతుందా? పూత వేళ తేనెమంచు పురుగుకు కొట్టే మందు గాలికి దాటుతుంది, పక్కింటి నీళ్ళ తొట్టి మూత తెరిచి ఉందో లేదో మనం చూస్తున్నామా? నీరు సైతం దాటుతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన వేసవులు హిందూపురం వాళ్ళకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. వీధిలో జనం కుడితినీళ్ళకు కూడా కటకటలాడుతుంటే బోరు మోటారు వేసి చెట్టు పాదు నింపడం ఏ సదఖా? నీటిలో మనుషులందరూ భాగస్వాములని హదీసు. ఈ విషయంలో మామూను మెచ్చుకోవాలి. కరువు వేసవుల్లో ఆయన చెట్టుకు మంచినీళ్ళు పోయలేదు. ఇంటిల్లిపాదీ వజూ చేసిన నీళ్ళు పాదులోకి పోయేటట్లు చిన్న కాలువ తీశారు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే మన లీటరు కంటే తక్కువ నీటితో, వజూ ముగించేవారని బుఖారీ, ముస్లింలలో ఉంది. మనం కుళాయి తిప్పి వదిలే నీటితో అయితే మామిడి తోపే పెంచవచ్చు!

మూడో రోజు ఉదయం మామూ రంపం, తాడు పట్టుకుని పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డారు. కొమ్మ నిండా కాయలు ఉన్నాయి, కోతకు ఇంకా మూడు వారాలుంది. ఆ కొమ్మనే మొదలంటా కోసేస్తానన్నారు.

పొరుగాయన ఒప్పుకోలేదు. “కాయతో ఉన్న కొమ్మను కొడతారా ఎవరైనా? దిగినాక కొట్టుదాంలే సాయిబన్నా” అన్నాడు. ఇద్దరూ కలిసి కొమ్మను తాడుతో పైకి లాగి కట్టారు. రేకుల మీద పాత గోనెపట్టాలు పరిచారు, రాలిన కాయ చప్పుడు కాకుండా. పగిలిన రేకు మార్చడానికి అయిన ఖర్చు మామూ ఇచ్చారు. చీర నష్టం ఎంతో చెప్పమంటే ఆయన చెప్పలేదు. నేతపని తెలిసినవారిని ఒకరిని మామూ ధర్మవరంలో కలిసి, అంత పట్టుకు ఎంతవుతుందో విచారించి, ఆ మొత్తాన్ని రెండు విడతలుగా ఆయన భార్య చేతికి అందించారు. ఇది దానం కాదు, బాకీ అని చెప్పి మరీ ఇచ్చారు.

మే ఆఖరున ఆ కొమ్మ కాయలన్నీ దించారు. మామీయే వాటిని వరిగడ్డిలో మాగబెట్టి, పండ్లయ్యాక రెండు గంపలు నింపారు. ఒకటి పక్కింటికి పంపారు. జూన్‌లో మొదటి వాన పడకముందే కొమ్మను కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూశారు. ఆ కొయ్యను పక్కింటాయన అడిగి తీసుకున్నాడు, మగ్గం దగ్గర కూర్చోవడానికి పీట చేయించుకుంటాడట.